జిస్ట్ వేరు, క్రక్స్ వేరు

జూన్ 19, 2025. రాజమహేంద్రవరం

సాయంత్రం బ్యాచ్‌లో ఒకబ్బాయి నోటుబుక్కు చూశాను. పోటీ పరీక్షల గైడులోంచి ఎక్కించుకున్న పేజీ. జిస్ట్, ఎసెన్స్, కోర్, క్రక్స్, నబ్, పిత్, థ్రస్ట్, అప్‌షాట్ అన్నీ ఒకే వరుసలో, మధ్య మధ్య సమానం గుర్తులు, చివర్న ఎర్ర సిరాతో ‘సారాంశం’. పక్కన టిక్కు కూడా కొట్టుకున్నాడు. అంటే ఆ పేజీ వచ్చేసిందని లెక్క.

ఆ సమానం గుర్తులు చూస్తే బాధేసింది. ఇందులో ఒక మాట కోర్టులోంచి వచ్చింది, ఒకటి విలువిద్య మైదానంలోంచి, ఒకటి చెట్టు కాండంలోంచి. అన్నీ ‘అసలు సంగతి’ చుట్టూ తిరిగేవే, నిజమే. కానీ ఒక్కో మాట మన చేతిలో ఉన్న పేజీని ఒక్కో ప్రశ్న అడుగుతుంది. అన్నిటికీ జవాబు ఒకటేనని నేర్చుకున్న పిల్లవాడు ప్రశ్న చదవకుండానే జవాబు రాసేస్తాడు.

“అప్‌షాట్ ఆఫ్ ది మీటింగ్ అంటాం కదా, అప్‌షాట్ ఆఫ్ ది పోయెమ్ అనొచ్చా?” అని అడిగాను.

“అనకూడదాండీ?” అన్నాడు.

అనకూడదని చెప్పి వదిలేస్తే నేనూ గైడూ ఒకటే. ఎందుకు కుదరదో వాడికి తెలియాలి. ఈ టర్మంతా ఈ మాటల వెంట పడదామనుకుంటున్నాను.

జూన్ 23

పక్క వాటాలో ఉండే ప్లీడరు గారు ఒక దావా కాగితాలు చూపించారు. సరిహద్దు తగాదా. తాతల నాటి పంపకాలు, మధ్యలో ఒక పెళ్ళి, ఎండిపోయిన కొబ్బరిచెట్లు, ఎవరు ఎవర్ని ఎంత మాటన్నారు, అంతా ఉంది.

“ఇవన్నీ క్లయింటు చెప్పుకోవాలనుకున్నవండీ. కోర్టువారు వెతికేది ఇదిగో, ఇది” అని కాజ్ ఆఫ్ యాక్షన్ పేరా మీద వేలు పెట్టారు. ఫలానా తేదీన ప్రతివాది కంచె జరిపి వాది స్థలంలోకి వచ్చాడు. అంతే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7, రూల్ 11 ప్రకారం దావాకు కారణమేమిటో కాగితంలో కనిపించకపోతే, విచారణ దాకా పోకుండానే దాన్ని తిరస్కరించవచ్చట.

జిస్ట్ పుట్టింది ఇలాంటి చోటే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక అక్కడి కోర్టుల్లోకి ఫ్రెంచి వచ్చి కూర్చుంది. బయట జనం ఎప్పుడో మర్చిపోయినా, లాయర్ల రాతలో దాని పెంకులు 18వ శతాబ్దం దాకా మిగిలాయి. ‘ఈ దావా ఫలానా దాని మీద ఆనుకుని ఉంది’ అని చెప్పడానికి వాళ్ళు వాడిన ఫ్రెంచి క్రియే జిస్ట్. దావా దేని మీద నిలబడిందో అదే దాని జిస్ట్ అయింది. ఈ మాట చెబితే ప్లీడరు గారికి ముచ్చటేసింది. “మేమూ దావా నిలుస్తుంది, నిలవదు అనే అంటామండీ” అన్నారు.

క్లాసుకు పనికొచ్చే ఉపాయం ఒకటి ఇందులోనే దొరికింది. పాసేజీలో ఒక్కో వాక్యాన్ని వేలితో మూసి, మిగిలింది నిలుస్తుందా అని చూడటం. కొబ్బరిచెట్లు తీసేసినా దావా నిలుస్తుంది. కంచె జరిపిన సంగతి తీసేస్తే కూలిపోతుంది. రేపు ఇదే చేయిస్తాను.

జూన్ 24

చేయించాను. ముందు బెంచీలవాళ్ళకు ఆటలా ఉంది. వెనకవాళ్ళు మూయాల్సిన వాక్యాలు వదిలేసి, బరువైన పదాలున్న వాక్యాలన్నీ ఉంచేశారు. కష్టమైన మాట ఎక్కడుంటే ముఖ్యమైన సంగతి అక్కడే ఉంటుందని వీళ్ళకు ఎవరు నేర్పారో! చాలాసార్లు చిన్న చిన్న మాటలతో ఉన్న వాక్యమే మొత్తం పేరాను మోస్తుంది. ‘బట్’ తర్వాత వచ్చేదాన్ని రెండుసార్లు చదవమన్నాను.

జూలై 1

పోలవరం మీద ఇంగ్లీషులో ఒక పేజీ నేనే రాసి తీసుకెళ్ళాను. మన పక్క సంగతి అయితే పిల్లలు భాషకు భయపడరు. 2014 రాష్ట్ర విభజన చట్టంలో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించడం, 45.72 మీటర్ల పూర్తి నీటిమట్టం, 194.6 టీఎంసీల నిల్వ, 2020 వరదలో దెబ్బతిన్న డయాఫ్రం వాల్, దాని బదులు కొత్తది కట్టడం, ముంపు గ్రామాలు, పునరావాసం, అన్నీ పెట్టాను.

ముందు జిస్ట్ అడిగాను. మాటలు అటూ ఇటూ అయినా అందరూ ఒకే చోటికి వచ్చారు. గోదావరి నీటిని నిలబెట్టి రెండు వైపులా కాలువలకు, కృష్ణా డెల్టాకు మళ్ళించే ప్రాజెక్టు, జాతీయ హోదా వచ్చి పదేళ్ళు దాటినా పూర్తి కాలేదు. బాగుంది.

తర్వాత క్రక్స్ అడిగాను. క్లాసు మూడు ముక్కలైంది.

పాలిటెక్నిక్ చదివి వచ్చిన కుర్రాడు డయాఫ్రం వాల్ అన్నాడు. నది అడుగున గోడ నిలవకపోతే పైన ఏం కట్టినా దండగే అన్నాడు. డెల్టా ఊరి అమ్మాయి డబ్బు అంది. పని మళ్ళీ మళ్ళీ ఆగింది దాని దగ్గరేనని వాదించింది. దేవీపట్నం వైపు ముంపు ఊరి నుంచి వచ్చి ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్న ఒకబ్బాయి అప్పటిదాకా నోరు విప్పలేదు. “నువ్వేమంటావు?” అని అడిగితే లేచి నిలబడి, “గోడ పోతే మళ్ళీ కడుతున్నారు కదండీ. ఊళ్ళు మళ్ళీ కట్టడం దగ్గరే ఆగిందండీ. క్రక్స్ అదేనండీ” అన్నాడు. కూర్చున్నాడు.

క్రక్స్ అంటే లాటిన్‌లో శిలువ. ఇంగ్లీషు పండితులు మొదట దాన్ని ఎంత చదివినా కొరుకుడుపడని చోటుకు వాడారు. పాత రాతప్రతిలో అర్థం తేలని పంక్తిని ఇప్పటికీ క్రక్స్ అనే అంటారు. కొండలెక్కేవాళ్ళకు దారి మొత్తంలో అన్నిటికంటే కష్టమైన ఎక్కుడే క్రక్స్. మన మాటల్లో చెప్పాలంటే పీటముడి. అది విప్పితే మిగతావన్నీ వాటంతటవే వదులవుతాయి.

అందుకే ముగ్గురి జవాబులకూ మార్కులు వేశాను. ఏ ముడి విప్పాలో తేల్చేటప్పుడు మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నది లెక్కలోకి వస్తుంది. కాకపోతే తను పట్టుకున్నదే ముడి అని పేజీలోంచి చూపించగలగాలి. జిస్ట్ విషయంలో ఈ వెసులుబాటు లేదు. ముంపు ఊరివాడు చదివినా, ఆయకట్టు రైతు చదివినా, ఢిల్లీలో ఆఫీసరు చదివినా జిస్ట్ ఒకటే రావాలి. మనిషిని బట్టి జిస్ట్ మారుతోందంటే ఎవరో ఒకరు సరిగా చదవలేదన్నమాట.

జూలై 4

అప్‌షాట్. పాత ఇంగ్లండులో విలువిద్య పోటీలో చివరి బాణం. అన్ని బాణాలూ వేశాక, గెలుపోటములు తేల్చేది. కాబట్టి ఏదో జరగాలి, జరిగి ముగియాలి, అప్పుడే అప్‌షాట్. మీటింగుకు ఉంటుంది, తగాదాకు ఉంటుంది, ఎన్నికకు ఉంటుంది. పద్యానికి ఉండదు. మొదటి రోజు అబ్బాయికి చెప్పాను. “ఏతావాతా తేలిందేంటంటే, అంటాం కదండీ, అదాండీ?” అన్నాడు. అదే.

జూలై 10

ఐఈఎల్‌టీఎస్‌కు చదువుతున్న నర్సింగు అమ్మాయి వచ్చింది. రీడింగ్‌లో హెడింగులు జతపరిచే ప్రశ్న దగ్గర ప్రతిసారీ తడబడుతోంది. ఒక్కో పేరాకు సరిపోయే శీర్షికను ఇచ్చిన జాబితాలోంచి వెతకాలి. జాబితాలో పేరాల కంటే శీర్షికలు ఎక్కువ ఉంటాయి. గంటలో మూడు పాసేజీలు, 40 ప్రశ్నలు. తీరిగ్గా ఆలోచించే సమయం ఇవ్వరు.

తను చేసిన పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాం. పేరా తేనెటీగల గురించి. రైతులు అద్దెకు తేనెపెట్టెలు తెచ్చుకోవడం, దానికయ్యే ఖర్చు, అడవి తేనెటీగలు తగ్గిపోవడం. ఈ అమ్మాయి ఎంచుకున్న శీర్షికలో ‘తేనెపెట్టెలు’ అన్న మాట ఉంది. పేరాలోనూ ఆ మాట ఉంది. అది చూసి వేసేసింది. సరైన శీర్షికలో తేనె ఊసే లేదు, ఒకప్పుడు ఉచితంగా జరిగిన పనికి ఇప్పుడు డబ్బు కట్టాల్సి వస్తోందని ఉంది.

“ఈ పేరా దేని గురించి?” అన్నాను.

“తేనెటీగల గురించి మేడమ్.”

“తేనెటీగల గురించి ఏమంటోంది?”

కాసేపు ఆలోచించింది. “అడవివి పోయాయి కాబట్టి కొనుక్కోవాల్సి వస్తోంది అంటోంది.”

చెప్పింది కదా! మొదటి ప్రశ్నకు జవాబు టాపిక్. అది ఒక్క మాటలో అయిపోతుంది. రెండో ప్రశ్నకు జవాబు మెయిన్ ఐడియా. దానికి క్రియ ఉండాలి. పిల్లలు పోగొట్టుకునే మార్కుల్లో చాలావరకు ఈ రెండు ప్రశ్నల మధ్యే పోతున్నాయి. తప్పు ఆప్షన్లను తయారుచేసేవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఒకటి పేరాలోని ఒక చిన్న వివరాన్ని పట్టుకుని ఉంటుంది. ఒకటి లోకమంతటికీ వర్తించేంత వెడల్పుగా ఉంటుంది. ఇంకోటి నిజమే అయి ఉండి, ఈ పేరాలో మాత్రం లేనిదై ఉంటుంది. ఈ మూడోది చురుకైన పిల్లల్నే ఎక్కువ పడగొడుతుంది, పాపం. వాళ్ళకు బయటి సంగతులు తెలుసు కదా.

వెళ్ళేముందు, ఇకమీద ప్రతి పేరాకూ ఆప్షన్లు చూడకముందే తెలుగులో ఒక్క వాక్యం మనసులో చెప్పుకోమన్నాను. ఇంగ్లీషు పరీక్షలో తెలుగెందుకని ఎవరైనా అంటే అననీ.

జూలై 13, ఆదివారం

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్న పాత విద్యార్థిని ఫోను. మెయిలు పొడుగ్గా రాస్తున్నావు, నీకేం కావాలో ఆఖర్న దొరుకుతోంది అని పైవాళ్ళు అంటున్నారట. మెయిలు చదివి వినిపించింది. సర్వర్ ఎప్పుడు ఆగింది, ఎవరెవరికి చెప్పింది, ఏమేం ప్రయత్నించారు, అన్నీ అయ్యాక చివర్లో రెండు రోజులు గడువు కావాలని.

అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. మనం ఉత్తరాలు అలా రాసుకున్న మనుషులం. ‘ఉభయకుశలోపరి’ అని ఒక మాట పెట్టుకుని, మీ క్షేమం మా క్షేమం అయ్యాక గాని సంగతిలోకి దిగేవాళ్ళం కాదు. నేరుగా అడగటం మొరటుతనం. అమెరికా సైన్యం వాళ్ళ ఉత్తరప్రత్యుత్తరాల పద్ధతి దీనికి నేరుగా ఎదురు. బాటమ్ లైన్ అప్ ఫ్రంట్ అంటారు. బాటమ్ లైన్ అంటే జమాఖర్చుల కాగితంలో చివరి గీత కింద తేలే లాభమో నష్టమో. అట్టడుగున ఉండాల్సినదాన్ని తెచ్చి నెత్తిన పెట్టమని ఆ పద్ధతి. చదివేవాడు మధ్యలో ఆపేసినా పని ఆగకూడదు. ఆఫీసుల్లోకి అదే వచ్చింది.

“రెండు రోజులు కావాలన్నది మొదటి వాక్యం చెయ్యమ్మా, మిగతాదంతా ఎందుకు కావాలో దాని కింద రాయి” అన్నాను. అమ్మకు ఉత్తరం రాస్తే మాత్రం పాత పద్ధతే ఉంచమన్నాను. నవ్వింది.

జూలై 20

ప్లీనీ అనే రోమను రచయిత తన ప్రకృతి చరిత్రలో రాశాడు. ఇలియడ్ కావ్యమంతా కాయ డొప్పలో పట్టేంత చిన్న తోలుపత్రం మీద రాసినట్టు సిసిరో చెప్పాడని. ఇంగ్లీషువాళ్ళ ‘ఇన్ ఎ నట్‌షెల్’ వెనక ఉన్నది ఈ కథే. అక్కడ చిన్నదయింది అక్షరం. కావ్యంలో ఒక్క పంక్తీ తగ్గలేదు.

మనవాళ్ళు రామాయణాన్ని ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అన్నారు. ఇంతకంటే టూకీగా చెప్పడం ఎవరి తరం? కానీ ఈ మూడు మాటల్లో ఉన్నది జరిగిన పని మాత్రమే. వారధి కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతను తెచ్చాడు. తండ్రి మాట లేదు, భరతుడి పాదుకలు లేవు, రాజుగా ఒకటీ భర్తగా ఒకటీ చేయాల్సి వచ్చినప్పటి సంకటం లేదు. ఇంగ్లీషులో దీన్ని సమ్మరీ అనొచ్చు, ప్లాట్ అనొచ్చు. థీమ్ అనడానికి వీల్లేదు.

దీనికి రెండో చివర కూడా మన దగ్గరే ఉంది. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడు. వాడికి థీమ్ గురించి చెప్పి ఏం లాభం? ముందు సమ్మరీ రావాలి, తర్వాతే థీమ్. క్లాసులో ఈ వరుస తప్పి, కథ ఏమిటో తెలియకుండానే ‘ట్రయంఫ్ ఆఫ్ గుడ్ ఓవర్ ఈవిల్’ అని రాసేసే పిల్లలు ఎందరో. ఏ నాటకానికైనా, ఏ నవలకైనా అదే వాక్యం.

జూలై 24

తెలుగు డిపార్ట్‌మెంటులో మాస్టారితో మధ్యాహ్నం. పద్యానికి తాత్పర్యం రాయమని మనం బడి నుంచీ రాయిస్తూనే ఉన్నాం కదా, తాత్పర్యం ఎలా పట్టుకోవాలో పాతవాళ్ళు చెప్పారా అని అడిగాను. “చెప్పకేమండీ, మీమాంసకుల దగ్గర ఆరు గుర్తులున్నాయి” అని వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఉపక్రమ ఉపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. వేదవాక్యం అసలు ఏం చెప్పదలిచిందో తేల్చడానికి పెట్టుకున్న కొలతలు.

చీటీ మీద రాసుకుని వచ్చి, నిద్ర మీద ఉన్న ఒక ఇంగ్లీషు పాసేజీకి అప్పటికప్పుడు పట్టించి చూశాను. పిల్లలు నిన్న దానికి ‘ఫోన్లు నిద్ర పాడుచేస్తాయి’ అని మెయిన్ ఐడియా రాశారు.

మొదలూ చివరా ఏమంటున్నాయి? మొదట్లో ఫోన్ వెలుగు ఉన్నా, ఆ పేరా చివరికే బడి గంట వస్తుంది. పాసేజీ ముగిసేది కూడా బడి గంటతోనే. మళ్ళీ మళ్ళీ వస్తున్నదేది? ‘అడాలసెంట్స్’. ఫోన్ మాట తర్వాత కనిపించదు. వేరే చోట దొరకని కొత్త సంగతి ఏది? యౌవనంలోకి వస్తున్న పిల్లల ఒంట్లో నిద్ర వేళ రాత్రి పొద్దుపోయే వైపు జరుగుతుందన్నది. ఏం చేస్తే ఏం ఫలం? బడి ఆలస్యంగా మొదలుపెడితే నిద్ర చాలుతుంది. పొగడ్తా తెగడ్తా ఎక్కడ? తెల్లారుజామున లేచేవాళ్ళ మీద ఒక మెచ్చుకోలు వాక్యం ఉంది. అది అలంకారం, దాన్ని పట్టుకుని వేలాడకూడదు. యుక్తి ఏది? నిద్ర తెప్పించే మెలటొనిన్ ఈ వయసువాళ్ళలో ఆలస్యంగా ఊరుతుందన్న వివరం. ఆరు గుర్తులూ ఒకే వైపు చూపించాయి. పెద్ద తరగతుల బడి వేళలు వెనక్కి జరపాలి.

నాకు ఒళ్ళు పులకరించింది. ఇంగ్లీషు బోధన పుస్తకాల్లో టాపిక్ సెంటెన్స్ వెతకమని ఉంటుంది గాని, ఇంత పకడ్బందీగా ఎక్కడా చూడలేదు. అర్థవాదం మాట మరీ ముఖ్యం. మా పిల్లలు పడేది అక్కడే. అందమైన వాక్యం కనిపిస్తే చాలు, అదే రచయిత చెప్పదలిచిందనుకుంటారు.

ఆగస్టు 2

అన్నయ్య ఇంటి గుమ్మాలకు టేకు చూడ్డానికి అడితికి వెళ్ళాం. దుంగ కోసిన చోట అడితి మేస్త్రీ నీళ్ళు చల్లి చూపించాడు. చుట్టూ తెల్లటి చెక్క, లోపల ముదురు రంగు. “ఇదిగోనండీ, చేవ. తెల్లదాన్ని పురుగు తినేస్తదండీ, దీని జోలికి రాదండీ” అన్నాడు. గోటితో గీకి చూపించాడు. తెల్లదాని మీద గీత పడింది, చేవ మీద పడలేదు. నడి మధ్యలో వేలి మందాన మెత్తటి చుక్క ఒకటి ఉంది. “అది బెండండీ. కోతలో తీసేత్తాం.”

ఆ తీసేసేదే ఇంగ్లీషులో పిత్. ఇంగ్లీషువాడు సారానికి పేరు పెట్టింది దానితో. జొన్న దంటు చీలిస్తే లోపల దొరికే బెండు, తెల్లదొరల టోపీలకు వాడిన జీలుగు బెండు కూడా పిత్తే. మనం దమ్మున్న మనిషిని, దమ్మున్న మాటను చేవ ఉందంటాం, వాళ్ళు పితీ అంటారు. పిల్లలు పిత్ అనే మాటను గుర్తుపెట్టుకోలేకపోవడానికి ఇదే కారణమేమో. బెండు బరువైనదని ఏ తెలుగు పిల్లవాడు నమ్ముతాడు? దానిలోని మూలుగ అర్థం చెబితే నమ్ముతాడు. పాత ఇంగ్లీషులో ఎముక లోపలి మూలుగకూ, సత్తువకూ కూడా ఆ మాట వాడారు.

ప్లీడరు గారు రాత్రి ఇంకో సంగతి కలిపారు. మన రాజ్యాంగ కేసుల్లో ‘పిత్ అండ్ సబ్‌స్టెన్స్’ అని ఒక సూత్రమే ఉంది. ఒక చట్టం కేంద్రం జాబితాలోదా, రాష్ట్రం జాబితాలోదా అని పేచీ వస్తే, అది పైపైన దేన్ని తాకిందో వదిలేసి, ముఖ్యంగా దేని కోసం చేసిందో చూడాలి. బెంగాల్ వడ్డీ వ్యాపారుల చట్టం ప్రామిసరీ నోట్లను తాకినా, అది ప్రధానంగా వడ్డీ వ్యాపారం మీద చట్టమే అని 1947లో ప్రీవీ కౌన్సిల్ నిలబెట్టింది.

ఆగస్టు 9

క్లాసులో సినిమా పిచ్చోడు ఒకడున్నాడు. షార్ట్ ఫిల్ములు తీస్తాడు. “మేడమ్ గారండీ, లైన్ చెప్పమంటారా?” అని వచ్చాడు. ఇండస్ట్రీలో ఎవరిని కలిసినా ముందు లైన్ చెప్పాలి, లైన్ నచ్చితేనే కథ వింటారు. వాడు చెప్పిన లైన్లో హీరో ఎవరు, వాడికేం కావాలి, ఏది అడ్డం వచ్చింది, మూడూ ఒక్క వాక్యంలో ఉన్నాయి. ముగింపు మాత్రం దాచాడు. ఇదే కుర్రాడు పాసేజీకి మెయిన్ ఐడియా రాయమంటే పేజీలో మొదటి వాక్యం దించేస్తాడు! ‘పాసేజీ లైన్ చెప్పు’ అన్నాను. టక్కున చెప్పాడు. ఇక వాడికి అదే ప్రశ్న.

వాడు దాచిన ముగింపు ఉందే, దానికి నబ్ సరిపోతుంది. గుబ్బలాంటి ముక్క అని దాని పాత అర్థం. మార్క్ ట్వైన్ 1895లో కథ చెప్పడం ఎలా అని రాసిన వ్యాసంలో, కథ చివర్న పేలే ముక్కకు ఈ మాట వాడాడు. దాన్ని అరిచి చెప్పేవాళ్ళు ఆయనకు నచ్చరు. ఏమీ ఎరగనట్టు జారవిడవాలంటాడు.

ఆగస్టు 17

జిస్ట్ అందరికీ ఒకటే రావాలని జూలైలో రాసుకున్నాను. అది ఎంత కష్టమో చెప్పే ఉదాహరణ కేశవానంద భారతి కేసు. కాసరగోడు దగ్గర ఎడనీరు మఠాధిపతి వేసిన కేసు. 13 మంది జడ్జీలు, 1973 ఏప్రిల్ 24న తీర్పు, 11 వేర్వేరు అభిప్రాయాలు, కొన్ని వందల పేజీలు. రాజ్యాంగాన్ని పార్లమెంటు సవరించవచ్చు గాని, దాని మౌలిక స్వరూపాన్ని మార్చకూడదు. ఇది ఈరోజు ఏ పోటీ పరీక్ష అభ్యర్థిని నిద్రలేపి అడిగినా చెబుతాడు. ఏడుగురు అటు, ఆరుగురు ఇటు. ఆ ఏడుగురిలో హైదరాబాదు హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ పి. జగన్మోహన రెడ్డి గారున్నారు.

కానీ ఆ ఒక్క వాక్యం తీర్పులోంచి తనంతట తాను ఊడిపడలేదు. 11 అభిప్రాయాల్లో మెజారిటీ ఏమన్నదో కొద్ది వాక్యాల కాగితం ఒకటి తయారైంది. దాని మీద తొమ్మిది మంది సంతకం చేశారు, నలుగురు చేయలేదు. తాము కూర్చుని రాసిన తీర్పుకు సారం ఇదీ అన్న చోట దేశంలోని అత్యున్నత న్యాయమూర్తులే ఒక్కటి కాలేకపోయారు. ఏడో ఓటు వేసిన జస్టిస్ ఖన్నా అసలు ఏమన్నారన్న దాని మీద వాదన ఆ తర్వాతా నడిచింది.

నలుగురు సంతకం చేయకపోవడం నాకు గౌరవంగానే కనిపిస్తుంది. ఒకరి మాటకు సారం ఇదీ అని రాయడమంటే ఆ మాటకు పూచీ పడటం. నా క్లాసులో పిల్లలు ‘ది ఆథర్ సేస్’ అని ఎంత తేలిగ్గా రాస్తారో! ఆథర్ అన్నాడా, ఆథర్ ఎవరో అన్నదాన్ని ఎత్తిచూపి కాదన్నాడా, చూడరు.

ఆగస్టు 24

ప్రెసీ దిద్దుతూ కూర్చున్నాను. సివిల్స్ మెయిన్స్ ఇంగ్లీషు పేపరులో దానికి 75 మార్కులు. మూడో వంతుకు కుదించాలి, సొంత మాటల్లో రాయాలి, శీర్షిక పెట్టకూడదు. ఒకమ్మాయి ప్రతి మూడు వాక్యాల్లో రెండు కొట్టేసి ఒకటి ఉంచింది. లెక్క సరిగ్గా మూడో వంతు వచ్చింది. ‘హౌఎవర్’తో మొదలయ్యే వాక్యం మిగిలింది, అది దేనికి హౌఎవరో ఆ వాక్యం పోయింది. కింద ఎర్ర సిరాతో ‘దేనికి?’ అని మాత్రం రాశాను. రేపు పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఈ అమ్మాయికి చదవడం వచ్చు. తగ్గించడమంటే కొట్టేయడమే అని ఎక్కడో నేర్చుకుంది, అంతే.

ఆగస్టు 28

టర్మ్ పరీక్షకు పేపరు తయారుచేశాను. ఒకటే పాసేజీ, ధవళేశ్వరం ఆనకట్ట మీద. 1847లో మొదలై 1852లో పూర్తయిన కథ. నాలుగు ప్రశ్నలు.

దీని జిస్ట్ ఏమిటి? కాటన్ దొర ఆధ్వర్యంలో గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టి, వరదకూ కరువుకూ మధ్య నలిగిన డెల్టాకు కాలువల నీరు ఇచ్చారన్నది రావాలి. క్రక్స్ ఏమిటి? రాయి తగలని ఇసుక మీద పునాది నిలబెట్టడం. పాసేజీలో కావేరి మీద చోళుల కల్లణైని చూసి కాటన్ నేర్చుకున్న పేరా చదివినవాళ్ళకు ఇది దొరుకుతుంది. అది కాక జనాన్నీ రాయినీ సమకూర్చుకోవడమే క్రక్స్ అని ఎవరైనా నిరూపిస్తే దానికీ పూర్తి మార్కులు. కాటన్ మద్రాసు ప్రభుత్వానికి రాసిన నివేదికల థ్రస్ట్ ఏమిటి? ఈ మాట క్లాసులో తక్కువ చెప్పాను, రేపు ఇంకోసారి చెప్పాలి. వాదన చదివేవాణ్ణి ఎటు నెడుతోందో అది థ్రస్ట్. నీటి మీద పెట్టిన ఖర్చు శిస్తు రూపంలో తిరిగొస్తుందని నమ్మించి, డబ్బు మంజూరు చేయించే వైపు నెట్టాడాయన. ఆకలి గురించి రాసిన చోట కూడా ఆయన చూపు ఖజానా వాళ్ళ మీదే ఉంది, ఎందుకంటే సంతకం పెట్టాల్సింది వాళ్ళు. ఇక అప్‌షాట్. డెల్టా వరి పండే నేల అయింది.

నాలుగు జవాబులూ తెలుగులో రాసినా దిద్దుతానని పేపరు మీద ముందే వేయిస్తున్నాను. ఇంగ్లీషు వాక్యానికి విడిగా మార్కులున్నాయి. గంటన్నర టైము అనుకున్నాను గాని, క్రక్స్ దగ్గర వీళ్ళు ఆలోచిస్తారు. రెండు గంటలు ఇస్తాను.